గుండెకు బలమిచ్చే మందును ఎందుకు ఆపేశారు?

సోంపేట దగ్గరి పల్లె నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, కొబ్బరి, జీడి తోటల రైతు. గుండె పంపింగ్ 25 శాతం. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేని స్థితిలో విశాఖపట్నం తీసుకువెళితే ఐసీయూలో మూడు రోజులు డోబుటమిన్ ఎక్కించారు. మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నారు. తర్వాత దాన్ని ఆపేసి బిసోప్రొలాల్, డాపాగ్లిఫ్లోజిన్, నీరు పోయే మాత్ర, వారానికి ఐదు రోజులు సగం డిజాక్సిన్ మాత్ర రాసి ఇంటికి పంపారు. మీరు అడిగినవి మూడు. అంత బాగా పనిచేసిన మందును ఎందుకు ఆపారు, ఇంటి దగ్గర ఇవ్వకూడదా? బిసోప్రొలాల్ గుండె వేగాన్నీ బలాన్నీ తగ్గిస్తుందని చదివారు, అసలే బలహీనమైన గుండెకు అదేమి వైద్యం? పక్కింటి పెద్దాయన రోజూ పూర్తి డిజాక్సిన్ మాత్ర వేసుకుంటున్నారు, నాన్నగారికి కూడా పెంచవచ్చా?

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అది ఆగే విషయం కాదు. పెంచకండి. పావు మాత్ర కూడా మీ అంతట మీరు పెంచకండి. మీరు రాసిన పరీక్షల్లో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 2.1 అని ఉంది. ఆ అంకె ఉన్నంతకాలం పక్కింటివారి మోతాదుతో మీకు పోలిక లేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

గుండె బలహీనపడే ఈ జబ్బు, అంటే గుండె వైఫల్యం, ఉన్నవారికి శ్రీకాకుళంలో నేను ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేస్తున్నాను. మీ మొదటి ప్రశ్నను ప్రతి కుటుంబమూ ఏదో ఒక రూపంలో అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. కళ్లముందు మనిషిని లేపి కూర్చోబెట్టిన మందును ఆపేస్తే ఎవరికైనా మనసు ఒప్పదు.

గుండె కణం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. కణం బయట కాల్షియం లోపలికంటే సుమారు పది వేల రెట్లు ఎక్కువగా ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కణం గోడలోని సన్నని ద్వారాలు క్షణకాలం తెరుచుకుని కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కొద్దిపాటిది లోపలి నిల్వ సంచిని తాకగానే సంచి తెరుచుకుని అసలు కాల్షియాన్ని కుమ్మరిస్తుంది. అది ట్రోపోనిన్ అనే మాంసకృత్తుకు అంటుకుంటుంది. అప్పటిదాకా వేసి ఉన్న గొళ్లెం తొలగినట్టయి, రెండు రకాల పోగులు ఒకదానిమీద ఒకటి జారి కండరం ముడుచుకుంటుంది.

ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. చాలామందికి తట్టనిది మిగతా సగం. కుమ్మరించిన కాల్షియాన్ని తిరిగి సంచిలోకి తోడిపోయాలి. తోడకపోతే గుండె వదులు కాదు, వదులు కాకపోతే మళ్లీ రక్తం నిండదు. తోడడానికి శక్తి ఖర్చవుతుంది. నిమిషానికి డెబ్భై సార్లు లెక్కన చూసినా రోజుకు లక్ష సార్లు ఈ కుమ్మరింపు, ఈ తోడకం జరగాలి. జబ్బుపడిన గుండెలో తోడే యంత్రం నీరసించి ఉంటుంది, సంచి నుంచి కాల్షియం కారుతూ ఉంటుంది, ఇంధనమూ తక్కువే. ఈ ఇబ్బంది గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

డోబుటమిన్ అడ్రినలిన్ కుటుంబానికి చెందినది. గుండె కణం మీద బీటా గ్రాహకాలనే తలుపులు ఉంటాయి, ఇది వచ్చి వాటిని తడుతుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పుడుతుంది. ఆ కబురుతో కాల్షియం ద్వారాలు మరింతగా తెరుచుకుంటాయి, తోడే యంత్రం కూడా వేగం అందుకుంటుంది. అందుకే డోబుటమిన్ ఇచ్చినప్పుడు గుండె గట్టిగా పిండడమే కాదు, త్వరగా వదులవుతుంది కూడా. మూత్రపిండాలకు రక్తం అందుతుంది, నిలిచిన నీరు మూత్రంగా పోతుంది, ఆయాసం తగ్గుతుంది. మీ నాన్నగారి విషయంలో మీరు చూసింది ఇదే.

ఈ మందు ఎవరికి పెట్టాలో తెలుసుకోవడానికి నేను ఇప్పటికీ మొదట చేసేది చేయి పెట్టి చూడటమే. అరచేతిని రోగి పాదం మీద ఉంచి మెల్లగా మోకాలి దాకా తీసుకువెళతాను. ఊపిరితిత్తుల్లో నీరు ఉన్నా కాళ్లు వెచ్చగా ఉంటే చాలామందికి మూత్రం వచ్చే ఇంజెక్షనే సరిపోతుంది. పిక్కల దాకా చల్లబడి, మూత్రం తగ్గి, బీపీ 90 కిందికి జారి, మనిషి మత్తుగా మాట్లాడుతుంటే ఇక ఆలోచించను. అప్పుడు ఈ మందు ప్రాణాన్ని నిలబెడుతుంది.

అయితే దాని బలం ఎంత తాత్కాలికమో ఒక ప్రయాణంలో చూశాను. కొన్నేళ్ల క్రితం ఒక రోగిని అంబులెన్సులో విశాఖపట్నం తరలిస్తూ నేనూ వెంట వెళ్లాను. రణస్థలం దాటుతుండగా సిరంజి పంపు అలారం మోగింది. బ్యాటరీ అయిపోయింది, వాహనంలోని ప్లగ్గులో కరెంటు రావడం లేదు. 100 దగ్గర ఉన్న బీపీ ఐదు నిమిషాల్లో 72కు వచ్చింది. రోగి పెదవులు పాలిపోయాయి, భార్య చేయి పట్టుకుని ఉన్నవాడు ఆ చేయి వదిలేశాడు. వాహనం పక్కకు ఆపించి, మందును సెలైన్‌లో కలిపి, సన్న చుక్కల సెట్టు పెట్టి, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి ఎక్కించాను. భోగాపురం వచ్చేసరికి బీపీ మళ్లీ తేరుకుంది. డోబుటమిన్ రక్తంలో రెండు నిమిషాల్లో సగమైపోతుంది. ఎక్కుతున్నంతసేపే దాని పని. గుండెకు అది కొత్త కండ ఏదీ కట్టదు.

అలాగైతే ఎక్కిస్తూనే ఉండవచ్చు కదా అంటారు. అక్కడే చిక్కు. మొదటిది, రెండు మూడు రోజులు గడిచేసరికి తలుపులు తట్టినా లోపలి నుంచి పలుకు తగ్గుతుంది. బలహీనపడ్డ గుండెను నడిపించడానికి శరీరమే నెలల తరబడి అడ్రినలిన్, నార్అడ్రినలిన్ పోస్తూ ఉంటుంది. ఆ పోరు పడలేక కణాలు తమ బీటా తలుపులను ముందే తగ్గించుకుని ఉంటాయి. రెండోది, ఖర్చు. ఎక్కువ కాల్షియం అంటే ఎక్కువ తోడకం, ఎక్కువ ప్రాణవాయువు. రక్తనాళాలు పూడుకుపోయిన గుండెకు ఆ అదనపు ప్రాణవాయువు ఎక్కడి నుంచి వస్తుంది? మూడోది, అన్నిటికంటే భయపెట్టేది, లయ. కాల్షియంతో కిక్కిరిసిన కణం తన వంతు రాకముందే కొట్టుకుంటుంది. అలాంటి కణాలు కొన్ని కలిస్తే గుండె వణికి ఆగిపోవచ్చు.

ఈ మాటలన్నీ ఒకసారి ఆమదాలవలస వైపు రైతు ఒకాయనకు చెబుతుంటే మధ్యలో ఆపి అన్నాడు: "అంటే బండి మీద బస్తాలు దించకుండా ఎద్దును ముల్లుకర్రతో పొడుస్తున్నారన్నమాట. దించే మందు లేదా బాబూ?" అంతకంటే మంచి ప్రశ్న నన్ను ఇంకొక వైద్యుడు కూడా అడగలేదు. దించే మందులు ఉన్నాయి, మీ నాన్నగారి చీటీలో ఉన్నవి అవే. వాటి దగ్గరికి వచ్చేముందు, పొడవడం ఎందుకు మానుకున్నామో చెప్పాలి.

ఇది ఎవరో ఊహించి చెప్పిన సంగతి కాదు, లోకం నష్టపోయి నేర్చుకున్నది. మిల్రినోన్ అనే మందు ఉంది. అది తలుపు తట్టదు. లోపల పుట్టిన సైక్లిక్ ఏఎంపీ కబురును చెరిపేసే ఎంజైమును అడ్డుకుంటుంది, దాంతో కబురు ఎక్కువసేపు నిలుస్తుంది. రక్తనాళాలను కూడా వదులు చేస్తుంది. బిసోప్రొలాల్ వంటివి వాడుతూ బీటా తలుపులు మూసుకున్నవారిలో కూడా పనిచేస్తుంది కనుక ఇప్పటికీ ఐసీయూల్లో దీనికి చోటు ఉంది. దీన్నే మాత్రగా ఇచ్చి చూద్దామని తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1088 మందిపై ప్రామిస్ అనే అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 1991లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే అసలు మాత్ర వేసుకున్నవారిలో మరణాలు 28 శాతం ఎక్కువ. జబ్బు ఎంత ముదిరి ఉంటే నష్టం అంత ఎక్కువ. మీరు అడిగిన "ఇంటి దగ్గర రోజూ ఇవ్వకూడదా" అన్న ప్రశ్నకు దాదాపు నేరుగా దొరికిన సమాధానం అది.

దాదాపు అని ఎందుకన్నానంటే, ఇంటి దగ్గర డోబుటమిన్ ఇవ్వడం లోకంలో లేకపోలేదు. గుండె మార్పిడి కోసం ఎదురుచూసేవారికి, ఇక ఏ మందూ పనిచేయక చివరి రోజులు ఆయాసం లేకుండా ఇంట్లో గడపాలనుకునేవారికి, పెద్ద సిరలో గొట్టం పెట్టి ఇస్తారు. ఆయుష్షు పెరగదని తెలిసే ఇస్తారు. మీ నాన్నగారు ఆ స్థితిలో లేరు. డోబుటమిన్ ఆపిన తర్వాత ఆయన బీపీ నిలబడింది, నడిచి ఇంటికి వచ్చారు. మందును విజయవంతంగా ఆపగలిగారు అంటే అది మంచి కబురు.

ఇప్పుడు బిసోప్రొలాల్. గుండెను నెమ్మది చేసే మందు బలహీనమైన గుండెకు విషమని నేను చదువుకునే రోజుల్లో మాకు నేర్పారు, పరీక్షలో అలాగే రాశాం. కానీ అప్పటికే, 1975లో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆయన సహచరులు ముదిరిన గుండె కండర జబ్బు ఉన్న ఏడుగురికి బీటా తలుపులు మూసే మందులు ఇచ్చి, వారు కోలుకున్నారని రాశారు. చాలా ఏళ్లు ఎవరూ సరిగా నమ్మలేదు. 1999లో వచ్చిన సిబిస్-2 అధ్యయనంలో బిసోప్రొలాల్ వాడినవారిలో మరణాలు 34 శాతం తగ్గాయి. అదే ఏడాది ఆ కుటుంబానికే చెందిన మెటోప్రొలాల్ సక్సినేట్‌తోనూ అలాంటి ఫలితమే వచ్చింది. నిరంతరం తడుతున్న అడ్రినలిన్ నుంచి గుండెకు రక్షణ దొరికితే కణాలు తేరుకుంటాయి, తలుపులు మళ్లీ మొలుస్తాయి, ఉబ్బిన గుండె మెల్లగా కుదురుకుంటుంది. మొదటి వారాల్లో కొంత నీరసంగా ఉండవచ్చు. మూడు నెలల నుంచి ఏడాది లోపు ఎకో తీస్తే పంపింగ్ శాతం పెరిగినవారిని నేను చాలామందిని చూశాను. గుండెను పొడవకుండా దాని బలాన్ని దానికే తిరిగి తెచ్చిపెట్టే మందు ఇది. 1.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండేసి వారాలకు చూసుకుంటూ పెంచుతారు. నీరసంగా ఉందని ఒక్కసారిగా మానేయకండి. డాపాగ్లిఫ్లోజిన్ కూడా గుండె మీది భారం దించే మందే. మిగతావి మీ నాన్నగారి బీపీ, క్రియాటినిన్ చూసి తర్వాత చేరుస్తారు.

డిజాక్సిన్ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే మీది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం.

ఇంగ్లండులో విలియం వితరింగ్ అనే వైద్యుడు, ఒంటికి నీరు పట్టిన రోగులకు ఒక పల్లెటూరి ముసలావిడ ఇచ్చే మూలికల మిశ్రమంలో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్ మొక్క అని గుర్తించి, పదేళ్ల అనుభవాన్ని 1785లో ప్రకటించాడు. ఎంత ఇస్తే మేలో ఎంత దాటితే కీడో రోగి రోగికీ రాసి పెట్టాడు. డిజాక్సిన్ ఆ కుటుంబపు మందే. మన పల్లెల్లో కంచెల వెంట పెరిగే పచ్చగన్నేరులో ఉన్న విషం కూడా ఇలాంటిదే, గుండెలో అదే చోట దెబ్బ కొడుతుంది. అందుకే గుండె జబ్బుకు ఎవరైనా ఆకు పసరు, వేరు పొడి ఇస్తామంటే నేను గట్టిగా వద్దంటాను.

కణం గోడలో సోడియం పంపు ఒకటి ఉంటుంది. ప్రతి విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డిజాక్సిన్ ఈ పంపును కొంత బిగిస్తుంది. లోపల సోడియం పేరుకుంటుంది. కణంలో ఇంకొక మారకపు ద్వారం ఉంది, అది సోడియాన్ని లోపలికి రానిచ్చి బదులుగా కాల్షియాన్ని బయటికి పంపుతుంది. లోపల ఇప్పటికే సోడియం నిండితే ఈ బేరం మందగిస్తుంది. బయటికి పోవలసిన కాల్షియం మిగిలిపోయి నిల్వ సంచిలోకి చేరుతుంది, తర్వాతి కొట్టుకోవడంలో గుండె కాస్త గట్టిగా పిండుతుంది. దీనితో పాటు వేగస్ నాడి ద్వారా గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మన జిల్లాల్లో కీళ్లవాతం జ్వరం వల్ల కవాటాలు చెడి గుండె లయ తప్పినవారు ఇంకా ఉన్నారు, వారికి ఈ రెండో గుణమే ఎక్కువ ఉపయోగం. మీ పక్కింటి పెద్దాయన అందుకే వాడుతున్నారేమో. అలాగైతే ఆయన జబ్బే వేరు.

1997లో ప్రకటించిన డిగ్ అధ్యయనంలో 6800 మందిని సగటున మూడేళ్లు చూశారు. మరణాలు తగ్గలేదు, పెరగలేదు. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం మాత్రం 28 శాతం తగ్గింది. తర్వాత లెక్కలు తీస్తే రక్తంలో డిజాక్సిన్ మోతాదు తక్కువగా ఉన్నవారికి మేలు, మిల్లీలీటరుకు 1.2 నానోగ్రాములు దాటినవారిలో మరణాలు ఎక్కువ కనిపించాయి. అందుకే ఇప్పుడు 0.5 నుంచి 0.9 మధ్య ఉంచాలని చూస్తాం. ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అన్న లెక్క ఈ మందుకు వర్తించదు.

ఇక కిడ్నీ సంగతి. డిజాక్సిన్‌లో ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. ఆరోగ్యవంతుల్లో ఒకటిన్నర నుంచి రెండు రోజుల్లో సగం పోయే మందు, కిడ్నీలు పాడైతే నాలుగైదు రోజులు పడుతుంది. మాత్ర రోజూ వేస్తూ ఉంటే పాతది పోకముందే కొత్తది వచ్చి పడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల నుంచి వచ్చిన రోగి ఎవరైనా, క్రియాటినిన్ చూడకుండా నేను డిజాక్సిన్ చీటీ మీద రాయను. బయటికి ఆరోగ్యంగా కనిపించే రైతులోనూ ఆ అంకె పెరిగి ఉంటుంది, వారికే తెలియదు.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక పెద్దావిడను తీసుకువచ్చారు. వారం రోజులుగా అన్నం చూస్తేనే వికారం. కామెర్లని పసరు పోయించారు. నేను పలకరిస్తే "దీపం చుట్టూ పచ్చగా గుండ్రంగా కనిపిస్తోంది నాయనా, మనవడి చొక్కా తెల్లదా పసుపుదా తెలియడం లేదు" అంది. నాడి 38. మందుల సంచి కుమ్మరిస్తే డిజాక్సిన్ అట్ట ఉంది. వారానికి ఐదు రోజులని రాసింది, ఆవిడ ఏడు రోజులూ వేసుకుంటోంది. మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొన్న మాత్రలు కూడా సంచిలో ఉన్నాయి, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీశాయి. క్రియాటినిన్ 3.4. డిజాక్సిన్ ఆపి, మానిటర్ కింద ఆరు రోజులు ఉంచితే కోలుకుంది. ఆ కుటుంబం అశ్రద్ధ చేసినవారు కాదు. రెండు రోజులు ఎందుకు వదలాలో వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. మీ ఇంట్లో గోడ మీది క్యాలెండరులో మాత్ర లేని రెండు రోజులను ఎర్ర కలంతో చుట్టండి.

పొటాషియం గురించి కూడా చెప్పాలి, నాన్నగారు రోజూ రెండు బొండాలు తాగుతారని రాశారు కనుక. డిజాక్సిన్, పొటాషియం ఆ సోడియం పంపు మీద ఒకే చోటు కోసం పోటీపడతాయి. నీరు పోయే మాత్రతో పొటాషియం తగ్గితే డిజాక్సిన్‌కు పోటీ తగ్గి, అదే మోతాదు విషంగా మారవచ్చు. అలాగని కొబ్బరి నీళ్లతో భర్తీ చేద్దామనుకుంటే, దెబ్బతిన్న కిడ్నీ అదనపు పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది పెరిగినా గుండె ఆగే ప్రమాదమే. పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే స్పైరనోలాక్టోన్ అనే మాత్రను చేరిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. సొంత తోటలో కాయ కోసి తాగవద్దనడం నాకూ కష్టంగానే ఉంటుంది. పరీక్షలో పొటాషియం ఎంతో తెలిసేదాకా బొండాలు ఆపండి, తర్వాత మీ వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి.

కొత్త మందుల గురించి కూడా ఒక మాట. లెవోసిమెండాన్ కాల్షియాన్ని పెంచకుండా, ఉన్న కాల్షియానికే ట్రోపోనిన్ బాగా స్పందించేలా చేస్తుంది. ఒక రోజు ఎక్కిస్తే దాని ప్రభావం వారం దాకా ఉంటుంది. ఆలోచన చక్కనిదే, కానీ 2007లో డోబుటమిన్‌తో పోల్చినప్పుడు ఆరు నెలల మరణాల్లో తేడా రాలేదు. ఒమెకామ్‌టివ్ నేరుగా కండరపు పోగుల మీద పనిచేస్తుంది. ఎనిమిది వేల మందికి పైగా ఇచ్చి చూస్తే మేలు కొద్దిగానే కనిపించింది, మరణాలు తగ్గలేదు. మీ నాన్నగారి కోసం వీటి వెంట పడవలసిన అవసరం లేదు.

చేయవలసినవి ఇవి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక, ఏమీ తినకముందు, ఒకే త్రాసు మీద బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే కాళ్లు వాచేదాకా ఆగకుండా వైద్యుడికి ఫోను చేయండి. మణికట్టు దగ్గర నాడిని నిమిషం పాటు లెక్కపెట్టడం నేర్చుకోండి. 50 లోపు ఉన్నా, తిండి సయించకపోయినా, చూపు పసుపుగా మారినా, కొత్తగా తికమక మాటలు మొదలైనా ఆ పూట డిజాక్సిన్ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నొప్పి మాత్రలు సొంతంగా కొనకండి. ఏ కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్లినా డిజాక్సిన్ వాడుతున్నట్టు ముందుగా చెప్పండి. అమియోడరోన్, వెరపమిల్, క్లారిత్రోమైసిన్ వంటివి చేరితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది.

ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం చేయించండి. డిజాక్సిన్ మోతాదు కూడా చూడమని అడగండి. దానికి ఒక జాగ్రత్త: మాత్ర వేసుకున్న వెంటనే రక్తం ఇస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. కనీసం ఆరు గంటలు గడవాలి. మీరు సోంపేట నుంచి పొద్దున్నే బయలుదేరతారు కనుక, ఆ రోజు మాత్రను జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చిన తర్వాత వేయండి.